నా కలం పేరుకు ఆధార్ కార్డు అడిగారు

నేను నాగావళి అనే పేరుతో 2019 నుంచి ఒక సామాజిక మాధ్యమంలో రాస్తున్నాను. అసలు పేరు ఇక్కడ కూడా చెప్పను, ఎందుకు చెప్పనో ఇది చదివితే మీకే తెలుస్తుంది. ఆ మాధ్యమం ఏదన్నది కూడా రాయను, నా ఖాతా ఎలా మూతపడింది, ఎలా తిరిగి తెరుచుకుంది, మధ్యలో ఎవరెవరికి ఏమైంది అన్నదే నేను చెప్పదలుచుకున్నది. ఇలాంటి ఇబ్బందిలో పడ్డవాళ్లు, ముఖ్యంగా ఆడవాళ్లు, "మీదెలా తిరిగొచ్చింది మేడమ్" అని అడుగుతూనే ఉన్నారు. ఒక్కొక్కరికీ ఫోన్లో చెప్పేకంటే ఒకచోట రాసిపెడితే మంచిదనిపించింది.

నేను శ్రీకాకుళం టౌన్లో ఒక ప్రైవేటు స్కూల్లో తెలుగు చెబుతాను. పుట్టిల్లు గార మండలంలో, సముద్రం పక్కన ఒక ఊరు. మా వైపు మగవాళ్లలో చాలామంది చేపల వేటకి గుజరాత్ పోతారు, వెరావల్ దాకా. ఏడాదిలో ఎక్కువ నెలలు అక్కడ బోట్ల మీదే ఉంటారు. 2018 నవంబరులో మా జిల్లా, విజయనగరం జిల్లా మత్స్యకారులు అలా వెళ్లి పాకిస్తాన్ వాళ్లకి పట్టుబడితే 2020 జనవరిలో గానీ వాఘా దాటి రాలేదు. ఆ రోజుల్లో పేపర్లన్నీ జైల్లో ఉన్నవాళ్ల గురించి రాశాయి, రాయాల్సిందే. ఇంటి దగ్గర ఉండిపోయిన ఆడవాళ్ల సంగతి మాత్రం ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు. బోటు సేటు దగ్గర తెచ్చుకున్న అడ్వాన్సు ఎవరు తీర్చాలి, పిల్లాడి ఫీజు ఎవర్ని అడగాలి, మొగుడు ఫోన్ చెయ్యని వారంలో అత్త అనే మాటలు ఎవరికి చెప్పుకోవాలి... ఇవి నేను రాసేదాన్ని. నేను వాళ్లలో పుట్టి పెరిగినదాన్ని కాబట్టి నాతో మనసు విప్పి మాట్లాడేవారు. రాసే ముందు ఊరు మార్చేదాన్ని, పిల్లల లెక్క మార్చేదాన్ని, ఒక్కోసారి ఇద్దరి కష్టాలు కలిపి ఒక మనిషిగా రాసేదాన్ని.

సొంత పేరుతో రాసే వీలు నాకు లేదు. మా జిల్లాలో ఇంటిపేరు వింటే చాలు, ఏ ఊరు, ఏ కులం, ఎవరి కోడలు అన్నది అక్కడే తేల్చేస్తారు. నేను టీచర్ని, తల్లిదండ్రులకి తెలిసిన మనిషిని. అదొక కారణం, కానీ అది చిన్నది. నా ఇంటిపేరు తెలిస్తే నా ఊరు తెలుస్తుంది, నా ఊరు తెలిస్తే నేను ఎంత మార్చి రాసినా ఆ రాతలో ఉన్న ఆడమనిషి ఎవరో పోల్చుకోవడం ఎంతసేపు? నా కలం పేరు కాపాడుతున్నది నన్నొక్కదాన్నే కాదు. ఈ మాట ఆ తర్వాత నేను ఎంతమందికి రాశానో, ఎన్ని ఫారాల్లో పెట్టానో చెప్పలేను.

ఖాతా తెరిచేటప్పుడు మొదటి పేరు, చివరి పేరు అని రెండు గడులు కనిపిస్తాయి కదా, నేను మొదటి దాంట్లో నాగావళి, రెండో దాంట్లో శ్రీకాకుళం అని నింపాను. ఊరి పేరు అలా పెట్టుకున్నవాళ్లు మన తెలుగువాళ్లలో వేలమంది ఉన్నారు. నాలుగేళ్లు ఏ గొడవా లేదు.

2023 వానాకాలంలో ఒక పోస్టు రాశాను. మొగుడు వేటకి పోయిన ఒక అమ్మాయి ఎవరితోనో ఫోన్లో మాట్లాడుతోందని ఊరి పెద్దలు పిలిపించి, అందరి ముందు నిలబెట్టి జరిమానా వేశారు. ఆ డబ్బు కోసం ఆ పిల్ల చెవి కమ్మలు తాకట్టు పెట్టింది. నేను రాసింది అంతే. చాలామంది చదివారు, పంచుకున్నారు, కింద తిట్లు కూడా బాగానే పడ్డాయి. తర్వాత కొందరు కూడబలుక్కుని "ఇది ఫేక్ ఐడీ" అని రిపోర్టులు కొట్టడం మొదలుపెట్టారు. రిపోర్టు కొట్టండి అని ఒకరినొకరు పురమాయించుకోవడం కామెంట్లలోనే కనిపించింది, దాచుకోలేదు కూడా.

ఒక రోజు స్కూలు నుంచి వచ్చి చూస్తే ఖాతా తెరుచుకోలేదు. మీ పేరు మా నియమాలకు తగినట్టు లేదు, గుర్తింపు పత్రం పంపండి, అప్పటిదాకా ఖాతా ఆపేశాం అని మెసేజ్. రాసిన విషయం మీద ఒక్క అభ్యంతరం లేదు. పేరు మీదే.

టెన్షన్ పడ్డాను గానీ, దాచడానికి నా దగ్గర ఏముంది అనుకున్నాను. కంపెనీకి నేనెవరో తెలిస్తే నాకు ఇబ్బంది లేదు. ఆధార్ వెబ్‌సైట్లో మాస్క్‌డ్ ఆధార్ అని ఒకటి దింపుకోవచ్చు, అందులో పన్నెండు అంకెల్లో మొదటి ఎనిమిదీ కప్పేసి చివరి నాలుగే చూపిస్తారు. అది పంపాను. కుదరదని తిప్పికొట్టారు, కార్డు మొత్తం నాలుగు మూలలూ కనపడేలా ఫొటో తియ్యాలట. అప్పుడు లామినేషన్ చేయించిన కార్డుని గుమ్మం దగ్గర వెలుతురులో పెట్టి, మెరుపు పడకుండా గొడుగు అడ్డం పెట్టి, నంబరు మీద కాగితం ముక్క అంటించి ఫొటో తీశాను. పేరు, ఫొటో, పుట్టిన తేదీ కనిపిస్తే చాలని వాళ్ల సూచనల్లోనే ఉంది. పక్కన ఉన్న గడిలో ఇంగ్లీషులో వివరంగా రాశాను: ఇది నా రికార్డు పేరు, నన్ను చదివేవాళ్లు నన్ను ఈ పేరుతో ఎరగరు, ఇది మీరు సరిచూసుకోవడానికి మాత్రమే, దయచేసి బయట చూపించకండి.

ఆ గడి ఎవరైనా చదివారో లేదో దేవుడికే తెలియాలి. ఖాతా తెరిచారు. నాగావళి శ్రీకాకుళం ఉండాల్సిన చోట నా ఆధార్ పేరు పెట్టి తెరిచారు. నా పుట్టింటి ఇంటిపేరుతో సహా. నాలుగేళ్లలో నేను రాసిన ప్రతి పోస్టు పైనా, నేను ఎవరికో పెట్టిన ప్రతి కామెంటు పైనా ఆ పేరే. పేరు మళ్లీ మార్చుకుందామంటే కొంతకాలం మార్చడానికి వీల్లేదని తాళం. ఖాతాని నేనే తాత్కాలికంగా మూసేశాను, కానీ ఆ లోపే స్క్రీన్‌షాట్లు తీసినవాళ్లు తీసేశారు.

మా పిన్ని ఫోన్: "ఏటే, ఆ నాగావళి నువ్వేనంట గదా? ఊళ్లో అందరూ అదే మాట." ఆవిడకి ఆ మాధ్యమంలో ఖాతా కూడా లేదు. మా స్కూలు కరస్పాండెంట్ గారు పిలిచి, కేకలెయ్యలేదు గానీ, "మేడమ్, ఇవన్నీ మనకెందుకండీ, పేరెంట్స్ అడుగుతున్నారు" అన్నారు. ఈ రెండూ నేను తట్టుకోగలిగినవే.

తట్టుకోలేనిది ఆ పోస్టులోని అమ్మాయి ఫోన్.

"అక్కా, మా ఊరి పేరు రాయనన్నావు గదా."

"రాయలేదమ్మా. నువ్వూ చూశావు కదా."

"మరి అందరికీ ఎలాగ తెలిసిపోయింది?"

నేను ఏం చెప్పాలి? ఎక్కడో ఎవరో ఒక బటన్ నొక్కితే నా ఇంటిపేరు బయటికొచ్చింది, దాన్ని పట్టుకుని మనవాళ్లు ఊరిదాకా వచ్చారు, ఊరి నుంచి మీ ఇంటిదాకా వచ్చారు అని చెప్పాను. ఆమెకి ఆ వివరం దేనికీ పనికిరాదు. ఆ వారమంతా వాళ్ల మరుదులు ఇంటి ముందు కూర్చున్నారట. పిల్లల్ని తీసుకుని పుట్టింటికి పోయింది. మూసిన ఖాతాలోకి మళ్లీ వెళ్లి ఆ పోస్టు తీసేశాను. చాలామంది ఆడవాళ్లు అంతకుముందు నాకు రాసిన మెసేజులు వాళ్ల వైపు నుంచి చెరిపేసుకున్నారు. వాళ్ల ఖాతాలు ఎలా ఉంటాయో మీకు తెలుసు కదా, ముఖం ఉండాల్సిన చోట మందార పువ్వో, పైడితల్లి అమ్మవారో, చంటిపిల్లో ఉంటుంది, పేరు మొగుడిదో కొడుకుదో ఉంటుంది. ఏ కంపెనీ నియమం ప్రకారం చూసినా అవన్నీ "ఫేకు"లే. ఆ పువ్వు బొమ్మ వెనక కూర్చుంటే తప్ప నోరు విప్పలేని మనుషులు వాళ్లు.

నా ఖాతా తిరిగి రావాలని అప్పుడు గట్టిగా పట్టుబట్టాను. రావడమంటే నాగావళి పేరుతో రావాలి.

ముందు వాళ్ల నియమాలే కూర్చుని చదివాను. మా మేనల్లుడు డిగ్రీ చదువుతున్నాడు, వాడూ నేనూ రాత్రిళ్లు కూర్చుని ఒక్కో వాక్యం చూశాం. అందులో "చట్టబద్ధమైన పేరే ఉండాలి" అని ఎక్కడా లేదు. రోజువారీగా మిమ్మల్ని నలుగురూ ఏ పేరుతో ఎరుగుదురో ఆ పేరు ఉండాలి అని ఉంది. ప్రభుత్వ కార్డు ఇవ్వలేకపోతే ఆ పేరున్న వేరే కాగితాలు రెండు ఇవ్వొచ్చని ఉంది, లైబ్రరీ కార్డు, పత్రిక చందా రసీదు, పోస్టులో వచ్చిన ఉత్తరం లాంటివి. అంటే వాళ్ల లెక్క ప్రకారమే నాగావళి చెల్లుతుంది, కాగితం చూపిస్తే చాలు.

కాగితాలు నా దగ్గర ఉన్నాయి, ఎందుకంటే నేను అంతకుముందే అదే పేరుతో ఒక వారపత్రికకి కథ పంపాను. తెలుగులో కథలు పంపేవాళ్లకి ఈ పద్ధతి తెలుసు. కథ మీద కలం పేరు ఉంటుంది. వెనక విడిగా ఒక కాగితం మీద అసలు పేరు, చిరునామా, ఫోన్ నంబరు రాసి, "ఈ కథ నా సొంతం, దేనికీ అనువాదం కాదు, అనుకరణ కాదు, వేరే పత్రిక పరిశీలనలో లేదు" అని హామీపత్రం జత చెయ్యాలి. సంపాదకుడికి నేనెవరో తెలుసు. పారితోషికం నా అసలు పేరు మీదే వస్తుంది. పాఠకుడికి కనిపించేది నాగావళి. శ్రీరంగం శ్రీనివాసరావు శ్రీశ్రీ అయ్యాడు, భాగవతుల సదాశివశంకర శాస్త్రి ఆరుద్ర అయ్యాడు, బీనాదేవి అయితే భార్యాభర్తలిద్దరూ కలిసి పెట్టుకున్న పేరు. వాళ్లని ఎవరైనా "నీ పేరు ఫేకు" అన్నారా? మన పత్రికల ఆఫీసుల్లో ఒక బీరువా, కొన్ని కవర్లతో ఎప్పటినుంచో చక్కగా జరిగిపోతున్న పని, లక్షల కంప్యూటర్లున్న కంపెనీకి ఎందుకు చేతకాదు? మనిషి ఎవరన్నది సరిచూసుకోవడం ఒక పని, దాన్ని ఊరందరికీ చూపించడం ఇంకో పని. ఆ రెండింటినీ కలిపేసినందుకే ఒక ఆడపిల్ల ఇల్లు వదిలి వెళ్లాల్సి వచ్చింది.

నా కథ పడిన సంచిక నా దగ్గర చినిగిపోయి ఉంది, పేరున్న పేజీ సరిగ్గా కనపడదు. మా శ్రీకాకుళంలోనే విశాఖ-ఎ కాలనీలో కథానిలయం ఉంది కదా, కాళీపట్నం రామారావు మాస్టారు 1997లో తెరిచింది, అక్కడికి వెళ్లాను. తెలుగు కథలన్నీ ఒకచోట చేర్చాలని ఆయన సొంత డబ్బు పెట్టి కట్టిన ఇల్లు అది. ఆ సంచిక దొరికింది. కథ పేరు కింద నల్లటి అచ్చులో నాగావళి అని ఉంది. దాన్ని ఫొటో తీసుకుంటుంటే ఆ చుట్టూ అలమారాల్లో ఎన్ని కలం పేర్లు ఉంటాయో కదా అనిపించి ధైర్యం వచ్చింది. రెండో కాగితం, సంపాదకుడు రాసిన ఉత్తరం. కవరు మీద "నాగావళి గారు, కేరాఫ్" అని నా అసలు పేరు, మా వీధి చిరునామా, పైన పోస్టాఫీసు ముద్ర. రెండు పేర్లూ ఒకే కవరు మీద ఉన్న కాగితం అంతకంటే ఏం కావాలి?

ఈసారి మామూలు ఫారంలో పెట్టకుండా గ్రీవెన్స్ ఆఫీసర్‌కి రాశాను. ఇది చాలామందికి తెలియదు, అందుకే కాస్త వివరంగా చెబుతున్నాను. మన దేశంలో 2021 ఐటీ నియమాల ప్రకారం సామాజిక మాధ్యమాలు ఫిర్యాదుల అధికారిని పెట్టాలి, ఆయన పేరు, సంప్రదించే వివరాలు యాప్‌లోనో వెబ్‌సైట్లోనో అందరికీ కనపడేలా ఉంచాలి. 50 లక్షల మందికి పైగా నమోదైన వాడకందారులున్న పెద్ద సంస్థలైతే ఆ అధికారి మన దేశంలోనే ఉండాలి. నేను రాసిన నాటికి ఉన్న నియమం ప్రకారం ఫిర్యాదు అందిందని 24 గంటల్లో చెప్పాలి, 15 రోజుల్లో తేల్చాలి. అందినట్టు నంబరుతో సహా మెయిల్ వచ్చింది. అదొక్కటి దాచిపెట్టుకోండి, తర్వాత ప్రతిచోటా ఆ నంబరే అడుగుతారు. గడువు దగ్గర పడ్డాక జవాబు వచ్చింది: మీరు ఇచ్చిన ప్రభుత్వ పత్రంలోని పేరే పెట్టాం, మార్పు అవసరం లేదు. కథ పేజీ గురించి, కవరు గురించి ఒక్క ముక్క లేదు.

ఆ జవాబు కోసం ఎదురుచూసిన రోజుల్లో నేను చదివినవి నాకు చాలా పనికొచ్చాయి. ఈ గొడవ నాతో మొదలైంది కాదు. 2011లో నవలా రచయిత సల్మాన్ రష్దీ ఖాతాని ఫేస్‌బుక్ ఆపేసి పాస్‌పోర్టు అడిగింది. పాస్‌పోర్టులో అహ్మద్ సల్మాన్ అని ఉంది కాబట్టి ఎవరూ పిలవని అహ్మద్ అనే పేరు పెట్టింది. ఆయన ట్విటర్లో గొడవ చేస్తే మళ్లీ సరిచేసింది. ఆయన రష్దీ కాబట్టి వెంటనే విన్నారు. 2014లో శాన్‌ఫ్రాన్సిస్కోలో ఆడవేషం కట్టి ప్రదర్శనలిచ్చే కళాకారుల రంగస్థల పేర్లు చెల్లవని ఫేస్‌బుక్ వాళ్ల ఖాతాలు ఆపేస్తే వాళ్లు గట్టిగా నిలబడ్డారు, ఆ అక్టోబరులో కంపెనీ బహిరంగంగా క్షమాపణ చెప్పుకుంది. అక్కడా అంతే, ఎవరో పనిగట్టుకుని వందల ఖాతాల మీద రిపోర్టులు కొట్టారని కంపెనీయే చెప్పింది. గూగుల్ నడిపిన సామాజిక మాధ్యమం గూగుల్ ప్లస్ 2011లో అసలు పేర్లే కావాలని పట్టుబట్టి, 2014లో ఆ నియమం ఎత్తేసింది.

దక్షిణ కొరియా సంగతి చదివాక మాత్రం నాకు నిద్ర పట్టలేదు. అక్కడ 2007లో పెద్ద వెబ్‌సైట్లలో రాయాలంటే పౌర గుర్తింపు నంబరుతో తామెవరో రుజువు చేసుకోవాలని చట్టమే తెచ్చారు. 2011లో ఒక పెద్ద సైటు మీద దాడి జరిగి సుమారు మూడున్నర కోట్ల మంది వివరాలు దొంగల పాలయ్యాయి. 2012 ఆగస్టులో అక్కడి రాజ్యాంగ న్యాయస్థానం ఆ చట్టం చెల్లదని ఏకగ్రీవంగా కొట్టేసింది. మన దగ్గర అలాంటి చట్టం లేదు. 2021 నియమాల్లో ఉన్నది, కావాలనుకున్నవాళ్లు స్వచ్ఛందంగా తామెవరో రుజువు చేసుకునే వీలు పెద్ద సంస్థలు కల్పించాలని మాత్రమే. "కావాలనుకున్నవాళ్లు" అన్న ఆ ముక్కని మేనల్లుడు పసుపు రంగు పెన్నుతో గీశాడు.

గ్రీవెన్స్ ఆఫీసర్ జవాబు నచ్చకపోతే ఇంకో మెట్టు ఉంది. 2022 అక్టోబరులో నియమాలు సవరించి గ్రీవెన్స్ అప్పిలేట్ కమిటీలు పెట్టారు, 2023 జనవరిలో మూడు కమిటీలు ఏర్పాటయ్యాయి. అంతా ఆన్‌లైన్లోనే, ఢిల్లీ పోనక్కర్లేదు, లాయరు అక్కర్లేదు. జవాబు వచ్చిన 30 రోజుల్లోపు అప్పీలు వెయ్యాలి, కమిటీ 30 రోజుల్లో తేల్చడానికి ప్రయత్నిస్తుంది. నేను వేశాను. పెద్ద ఉపన్యాసం రాయలేదు. మీ నియమం ఇది, నా కాగితాలు ఇవి, మీ జవాబులో వీటి ప్రస్తావన లేదు, నా పేరు బయటపెట్టినందుకు నా పోస్టులోని ఒక స్త్రీ ఇల్లు వదలాల్సి వచ్చింది, నా గుర్తింపు మీ దగ్గర ఉంచుకోండి, పైకి మాత్రం నాగావళి అని ఉంచండి, అంతే. అప్పీలు నడుస్తుండగానే కంపెనీ నుంచి మెయిల్ వచ్చింది, మళ్లీ పరిశీలించాం, మీరు కోరిన పేరు పునరుద్ధరిస్తున్నాం అని. తెరిచి చూస్తే నాగావళి శ్రీకాకుళం అని ఉంది. మేనల్లుడు కేకేశాడు. నాకు ఏడుపొచ్చింది.

కలం పేర్లని నేను వెనకేసుకొస్తుంటే అడిగేవాళ్లున్నారు, మరి దొంగ ఖాతాలతో ఆడపిల్లల్ని ఏడిపించేవాళ్ల సంగతేంటని. న్యాయమైన ప్రశ్న. మా స్కూల్లో పిల్లలకి కూడా అలాంటివి జరిగాయి, సైబర్ క్రైమ్ పోర్టల్లో ఫిర్యాదు ఎలా ఇవ్వాలో ఆ తల్లిదండ్రులకి దగ్గరుండి చూపించాను. కానీ వేరొకరి పేరూ ఫొటోతో ఖాతా తెరిచి మోసం చెయ్యడం, తనకంటూ ఒక పేరు పెట్టుకుని ఏళ్ల తరబడి ఆ పేరుతోనే మాట్లాడటం ఒకటి ఎలా అవుతాయి? పోలీసులు చట్టప్రకారం అడిగితే కంపెనీ దగ్గర నా ఫోన్ నంబరు ఉంది, ఇప్పుడు ఆధార్ ఫొటో కూడా ఉంది. నేను ఎక్కడికీ పారిపోలేదు. ఆ పోస్టు కింద నన్ను రాయలేని మాటలతో తిట్టినవాళ్లలో సగానికి పైగా అసలు పేరు, ఇంటిపేరు, పెళ్లి ఫొటోతో సహా ఉన్నవాళ్లే. వాళ్లకి బయటపడితే పోయేదేమీ లేదు. పోయేది ఉన్నవాళ్లకే మరుగు కావాలి, నేను చూసినంతలో ఆ పోయేది ఎప్పుడూ ఆడవాళ్లకీ, తక్కువ చూపు చూడబడ్డ కులాలవాళ్లకీ, ఉద్యోగం మీద బతికేవాళ్లకే ఉంటోంది.

ఆ అమ్మాయి మొగుడు వెరావల్ నుంచి వచ్చాక ఇంటికి తీసుకొచ్చాడు, అతను మంచివాడు, పెద్దల దగ్గరికి వెళ్లి గట్టిగానే మాట్లాడాడట. ఆమె నాతో ఫోన్లో మాట్లాడుతుంది గానీ తన గురించి రాయొద్దంది, నేను రాయడం లేదు, ఇక్కడ రాసిన ఈ నాలుగు ముక్కలూ ఆమెకి చదివి వినిపించి, సరేనన్నాకే పెట్టాను. ఊళ్లో నా పేరు తెలిసినవాళ్లకి తెలిసిపోయింది, దాన్ని వెనక్కి తీసుకోలేను. కొత్తగా రాసేవాళ్లకి మాత్రం చెబుతున్నాను, ఆధార్ పంపే ముందు మీ కలం పేరున్న కాగితం ఒకటైనా సంపాదించుకోండి. పత్రికకి ఒక ఉత్తరం రాసి పాఠకుల పేజీలో అచ్చయినా, ఆ పేరు మీద చందా కట్టి రసీదు తీసుకున్నా చూపించడానికి ఒక కాగితం ఉంటుంది. ముందు ఆ కాగితాలు పెట్టండి, ప్రభుత్వ కార్డు అడిగితే పేరు బయట చూపిస్తారా లేదా అని రాతలో అడిగి, జవాబు వచ్చాకే ఇవ్వండి. వచ్చిన ప్రతి మెయిల్‌నీ ప్రింటు తీసి ఉంచుకోండి.

బొబ్బిలి దగ్గర ఒక ఏఎన్ఎం, ఆవిడా కలం పేరుతోనే రాస్తారు, పోయిన నెల ఆవిడ ఖాతా కూడా ఇలాగే ఆపేశారు. నా అప్పీలు కాపీ పంపాను. ఆవిడ ఇంకా కార్డు ఇవ్వలేదు, గ్రీవెన్స్ ఆఫీసర్ జవాబు మొన్న వచ్చింది, ఈ ఆదివారం నేను రైలెక్కి వెళ్తున్నాను, ఇద్దరం కూర్చుని ఫారం నింపాలి.